క్లోరోఫారము - హైదరాబాదు కోతుల సాక్ష్యము

1889వ సంవత్సరము డిసెంబరు మాసమున హైదరాబాదునుండి లండనులోని 'లాన్సెట్' అను వైద్యపత్రికకు ఒక తంతివార్త పోయెను. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొత్తము 490 జంతువులకు క్లోరోఫారము నిచ్చి పరీక్షించితిమనియు, వానిలో 120 జంతువుల రక్తపుపోటును యంత్రముతో కొలిచితిమనియు, ఆ గీతలన్నిటికిని ఛాయాపటములు తీయించితిమనియు, ఈ మందువలని యపాయము ఊపిరి యాడకపోవుటచేతనో మోతాదు మించుటచేతనో వచ్చునే గాని అది నేరుగా గుండెను కొట్టుట యనునది లేనేలేదనియు అందలి సారము. వార్త పంపినవాడు లండనునుండి యందుకొఱకే వచ్చిన డాక్టరు లాడర్ బ్రంటన్. ఆయన రాకకు వలసిన ధనము నిచ్చినవారు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు.

నేటి హైదరాబాదువాసులలో ఈ కథ నెఱిగినవారు తక్కువ. ఎఱిగిన కొలదిమందియు, మన నగరము ఒకప్పుడు లోకమునకు వైద్యపాఠము చెప్పినదని గర్వముతో చెప్పుకొందురు. గర్వింపదగినది కొంత కలదు, కాదనను. కాని ఆ తంతిలో సగము సత్యము, సగము భ్రమ. ఏ సగమేదియో తేలుటకు మఱి 22 సంవత్సరములు పట్టెను. అన్ని జీవుల ప్రాణములు వెచ్చించి, అంత శ్రద్ధతో, అంతటి విద్వాంసుల యెదుట చేసిన పరీక్ష ఎట్లు దారి తప్పెనో తెలిసికొనుట, విజ్ఞానశాస్త్రమును నమ్మువారికే ఎక్కువ అవసరము.

మత్తుమందులకు ముందటి కాలమును మనలో నెవరును చూచియుండలేదు. నాడు రోగిని బల్లకు కట్టి, నలుగురు బలవంతులు కాళ్లుచేతులు పట్టుకొనగా కోత కోసెడివారు. ఎంత త్వరగా కోసిన అంత గొప్ప వైద్యుడు. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక యువకునిచేత ఈథరు ఆవిరిని పీల్పించి మైమఱపింపగా, జాన్ వారెన్ అను శస్త్రవైద్యుడు అతని మెడమీది కణితిని కోసెను. మఱుసటి యేడు నవంబరులో ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్, తన యింటిలో స్నేహితులతో గూడి క్లోరోఫారమును పీల్చిచూచి, దానిని ప్రసూతివైద్యమునకు దెచ్చెను. 1853లో విక్టోరియా రాణియే ప్రసవవేళ దానిని పీల్చుటతో, ప్రసవవేదనను మనుష్యుడు తొలగింపరాదని వాదించుచుండిన కొందఱి నోళ్లు మూతపడెను.

ఈథరుకంటె క్లోరోఫారము వాసన కమ్మనిది; కొలది చుక్కలు చాలును; నిప్పంటుకొను భయము లేదు. మన దేశమునకు మఱియొక కారణము కూడ కలదు. ఈథరు 35 డిగ్రీల వేడిమికే మరుగును. వైశాఖమాసపు దక్కను ఎండలో సీసా మూత తీసిన చాలును, మందు మాటలాడుచుండగనే మాయమగును. క్లోరోఫారము 61 డిగ్రీలవఱకు మరుగదు. కావున మన ఆసుపత్రులలో చాలకాలము మత్తుమందనగా క్లోరోఫారమే.

కాని ఆ కమ్మని వాసన వెనుక మృత్యువు పొంచియున్న సంగతి సింప్సన్ ప్రకటించిన మూడుమాసములలోపలనే బయటపడెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లాండులో న్యూకాసిల్ పట్టణము చేరువను హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము నిచ్చిరి. కొన్ని క్షణములలో ఆమె ప్రాణము పోయెను. కాలిగోరు! ఆమె భయపడి యేడ్చుచు బల్లకడకు వచ్చినదని నాటి విచారణలో చెప్పిరి. ఈ మాటను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. దాని విలువ కథ చివర తెలియగలదు.

ఆమె యేల చనిపోయెను? క్లోరోఫారము దోషము కాదు, తెలివి దప్పినదాని నోట నీళ్లును బ్రాందీయును పోసినందున ఊపిరి యాడక చనిపోయెనని సింప్సన్ వాదించెను. కాదు, గాఢమైన ఆవిరి ఒక్కుమ్మడిగా తగిలి గుండె నిలిచిపోయెనని లండనులోని జాన్ స్నో తేల్చెను. విక్టోరియా రాణికి మందు నిచ్చిన వైద్యుడు ఈ స్నోయే. ఆయన జంతువులను గాజుపాత్రలలో నుంచి, గాలిలో నూటికెన్ని పాళ్లు ఆవిరి కలసిన ఏమి జరుగునో లెక్కగట్టెను. కొలవని మందును నమ్మరాదనుట ఆయన సిద్ధాంతము.

నాటినుండి వైద్యలోకము రెండు పక్షములయ్యెను. ఎడింబరోలో జేమ్స్ సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు తన శిష్యులకు నేర్పిన సూత్రము సరళమైనది: నాడిని విడిచిపెట్టుము, ఊపిరిని చూడుము, ఊపిరి చక్కగా ఆడుచున్నంతవఱకు భయము లేదు. లండను వైద్యులు నాడిమీద వేలు తీయక, కొలిచి యిచ్చు యంత్రములను వెదకిరి. ఇది మాటల జగడము కాదు. మందు నిచ్చువాని కన్నులు ఎక్కడ నుండవలెను, వేలు ఎక్కడ నుండవలెను అను దానిమీద బల్లపైనున్న మనుష్యుని బ్రదుకు ఆధారపడియుండెను. 1880లో గ్లాస్గో నగరమున బ్రిటిషు వైద్యసంఘమువారు నియమించిన పండితులు జంతువులపై పరీక్షలు చేసి, క్లోరోఫారము గుండెను నేరుగా క్రుంగదీయుననియు, ఒక్కొక్కప్పుడు రక్తపుపోటు ముందు సూచన లేకయే పడిపోవుననియు తీర్పు చెప్పిరి. ఎడింబరో పక్షము ఓడినట్లే కనబడెను.

ఆ తీర్పును సహింపజాలనివారిలో ఒకడు ఎడ్వర్డు లారీ. సైమునకు శిష్యుడు, లాహోరులో పనిచేసి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చెను. 1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్యపాఠశాలకు ఆయనయే అధిపతి. తాను వేలకొలది రోగులకు సైము పద్ధతిని క్లోరోఫారము నిప్పించితిననియు, అందువలన ఒక్కరును చావలేదనియు ఆయన చెప్పెడివాడు. గురుభక్తి, స్వానుభవము, మొండిపట్టుదల - ఈ మూడును కలసిన మనుష్యుడు లోకముతో తలపడుటకు వెనుదీయడు. 1888లో తన పాఠశాలలోని సహోద్యోగులతో ఒక పరీక్షాసంఘము నేర్పాటు చేయించెను. వారు కుక్కలపై పరీక్షించి, ఎల్లప్పుడును ఊపిరి ముందు ఆగుననియు, గుండె తరువాత ఆగుననియు తేల్చిరి. లాన్సెట్ పత్రిక దానిని నమ్మలేదు. ఐరోపాలోని శరీరశాస్త్రజ్ఞులు కనుగొన్నదానికి విరుద్ధముగా దక్కనులో నేదో తేలినదన్న నమ్ముటెట్లని సంశయించెను. అప్పుడు నిజాము ప్రభువు, మీకు నమ్మకమైన పండితుని మీరే పంపుడని 1,000 పౌనులు ఆ పత్రికకు పంపిరి. ప్రతిపక్షమువానినే సాక్షిగా పిలుచుటలో ఒక రాజసము కలదు. అట్లు వచ్చినవాడే బ్రంటన్. ఆయన లండనునందు ప్రసిద్ధుడైన ఔషధశాస్త్రజ్ఞుడు. బయలుదేరునపుడు క్లోరోఫారము గుండెను ఆపగలదను పక్షమువాడే.

1889 అక్టోబరునుండి డిసెంబరువఱకు రెండవ సంఘము పనిచేసెను. లారీ, బ్రంటన్, కలకత్తానుండి వచ్చిన బామ్‌ఫర్డ్, హైదరాబాదువాడైన డాక్టరు రుస్తుంజీ అందు సభ్యులు. ఒక్కొక్క జంతువునకు క్లోరోఫారము నిచ్చి, ఊపిరి యెప్పుడు ఆగెనో, గుండె యెప్పుడు ఆగెనో గడియారముతో గుర్తించిరి. కొన్నిటి రక్తనాళములకు పాదరసపు గొట్టమును కూర్చి, పోటు హెచ్చుతగ్గులను తిరుగుచుండు కాగితముమీద గీయించిరి. గుండెకు పోవు వేగస్ నాడిని కోసి చూచిరి. ముక్కునోళ్లు మూసి చూచిరి. భాస్వరము పెట్టి గుండెకు క్రొవ్వు పట్టించి, అట్టి చెడిన గుండెగల జంతువు కూడ ఇట్లే చచ్చునాయని చూచిరి. కోతవలని తాకిడికి గుండె ఆగునని కొందఱనుచుండినందున, మత్తు వివిధదశలలో నున్నపుడు కోతలు కోసియు చూచిరి.

ఇక కోతుల మాట. కుక్క మనిషి కాదు, కుందేలు అంతకంటె కాదు. వానికి జరిగినది మనుష్యునకు జరుగునని చెప్పుటెట్లు అను ప్రశ్న ఎవరైనను వేయగలరు. ఛాతియు, ముఖమును, చేతులును, భయమును మనవానిని పోలిన జంతువు కోతి. కోతియందును ఊపిరియే ముందు ఆగినదని చూపగలిగిన వాదమునకు బలము చేకూరును. మన పల్లెలలో కోతిని హనుమంతుని పేరిట కొట్టరు. చేలు పాడుచేసినను తఱిమి ఊరకుందురు. గుడి మెట్లమీద అరటిపండు పెట్టు చేతులును, అదే దేశములో కోతిముక్కునకు క్లోరోఫారపు గుడ్డ పట్టిన చేతులును ఒకే కాలమువే. ఆ కోతులను పట్టి తెచ్చినవారి తలపులు ఏ నివేదికయందును ఉండవు గదా.

కోతులకు మత్తుమందు నిచ్చుట అప్పటికి క్రొత్త గాదు. లండనునందు డేవిడ్ ఫెరియర్ 1870ల నుండి కోతులను మైమఱపించి, మెదడులో ఏ భాగము ఏ యవయవమును కదల్చునో కనుగొనుచుండెను. 1881లో లండనున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, మెదడున ఒక భాగము తీసివేయబడి ఒక ప్రక్క పడిపోయిన ఫెరియర్ కోతిని చూచి, ఫ్రెంచి పండితుడు షార్కో అది తన రోగులలో నొకనివలెనే యున్నదని ఆశ్చర్యపడెను. దానికై ఆ సంవత్సరమే జంతుహింసా వ్యతిరేకులు ఫెరియరును కోర్టుకీడ్చిరి. 1876లో ఇంగ్లాండున చేయబడిన చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక జీవజంతువును కోయరాదు. మత్తుమందు ఈయక కోయరాదు. కత్తి పట్టినవాడు అనుమతిగల మఱియొక వైద్యుడని తేలినందున ఫెరియర్ విడుదలయ్యెను. అది యట్లుండగా, ఆ చట్టము సముద్రము దాటి మన దేశమునకు రాలేదు. లండనులో ఒక్క కోతికై న్యాయస్థానము కూడవలసివచ్చెను; హైదరాబాదులో 490 జీవులకు అడుగువారు లేరు. పరీక్షలకు హైదరాబాదు అనువైన చోటగుటకు ప్రభువు ఔదార్యముతోబాటు ఇదియు ఒక సదుపాయమై యుండుననుట నా యూహ.

ఐతే ఆ జంతువులకు బాధ లేదా? పరీక్షింపబడినదే బాధ నెఱుగనీయని మందు గదా యని కొందఱందురు. అది చాలవఱకు నిజము. కాని కట్టివేసినపుడును, గుడ్డ ముక్కునకు వచ్చినపుడును అవి మెలకువతోనే యుండెను, పెనగులాడెను. సంఘమువారు ఈ పెనగులాటను ఉపేక్షింపలేదు; వారి పరిశోధనలో మిక్కిలి విలువైన భాగము దానినుండియే పుట్టెను. పెనగులాడు జంతువు మొదట ఊపిరి బిగబట్టును. తుదకు బిగబట్టజాలక ఒక్కసారిగా నాలుగైదు లోతైన ఊపిరులు తీయును. అప్పుడు చేరిన ఆవిరి, నిదానముగా పీల్చినప్పటికంటె ఎన్నో రెట్లు. కావున రోగి ఊపిరి సమముగా ఆడునట్లు చూచుటయే మందిచ్చువాని మొదటి ధర్మమనిరి. శంకువువలె చుట్టిన గుడ్డగొట్టములో పైనుండి మందు వేయుచు, గాలి ధారాళముగా రానిచ్చి, రొమ్ము కదలికనుండి చూపు త్రిప్పరాదు. కనుగ్రుడ్డు ముట్టినపుడు ఱెప్ప కదలనిచో మందు నాపవలెను. ఊపిరి ఆగినచో వెంటనే కృత్రిమముగా నాడింపవలెను. నేటికిని ఊపిరిదారి చక్కగా నుంచుటయే మత్తువైద్యుని మొదటిపాఠము. తంతిలోని సత్యమైన సగము ఇదియే.

బ్రంటన్ తన కన్నులయెదుట జంతువు వెంట జంతువునకు ఊపిరి ముందాగి, గుండె నిమిషములకొలది కొట్టుకొనుచుండుటను చూచి, తన పూర్వాభిప్రాయమును విడిచెను. విద్వాంసుడు అభిప్రాయము మార్చుకొనుట శ్లాఘ్యమే. కాని ఆయన చూచినదేమి? క్లోరోఫారమును చచ్చువఱకు ఇచ్చినపుడు జంతువు చచ్చెడి తీరును చూచెను. హానా గ్రీనర్ అట్లు చావలేదు. ఆమెవంటివారు చాలమంది మందు ఆరంభించిన కొలదికాలములోనే, మత్తు లోతు కాకమునుపే, ఆకస్మికముగా చనిపోయిరి. వారి చావునకు కారణమేమని లోకమడుగగా, హైదరాబాదు సంఘము వేఱొక ప్రశ్నకు మిక్కిలి నిర్దుష్టమైన సమాధానము చెప్పెను. కోతులు అబద్ధమాడలేదు. అడిగినదానికి చెప్పినవి.

లెక్కను కూడ చూడుడు. ఆ దినములలో క్లోరోఫారమువలన రెండుమూడువేలమందికి ఒకరు చనిపోవుచుండిరని వైద్యులు అంచనా వేసిరి. మూడువేలకొక్కటిగా వచ్చు అపాయము 490 పరీక్షలలో ఒక్కసారియు కనబడకపోవుటకే ఎక్కువ అవకాశము. ఇంచుమించు ఆఱింట ఐదుపాళ్లు. కనబడలేదు గనుక లేనేలేదనుట, మన వీథిలో పిడుగు పడలేదు గనుక పిడుగులు పడవనుటవంటిది. మఱియొక లోపమును నాటి విమర్శకులే చూపిరి. రక్తపుపోటును అంత సూక్ష్మముగా కొలిచినవారు, లోపలికి పోవు ఆవిరి గాలిలో నూటికెంతయో కొలువలేదు. స్నో 1858లో చనిపోకముందే నేర్పిన పాఠము అది. లారీకి మాత్రము కొలతల పేరు చెప్పినచో గిట్టదు. ఊపిరి చూచుటను మఱపించి యంత్రమును నమ్మించునవి యని ఆయన వాదము. బ్రిటిషు వైద్యసంఘమువారు 1901లో నియమించిన మఱియొక సంఘము వేఱుమార్గమున పోయి, నూటికి రెండుపాళ్లకు మించి ఆవిరి రానీయని వెర్నన్ హార్కోర్టు యంత్రమును లోకమునకిచ్చెను.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను నిరువురు, ఒక జంతువు మెదడునకు వేఱొక జంతువు రక్తము ప్రవహించునట్లు నాళములను కూర్చి, క్లోరోఫారము మెదడునకు మాత్రమే చేరిన ఏమగును, గుండెకు మాత్రమే చేరిన ఏమగునని విడదీసి చూచిరి. గుండెకు చేరినపుడే రక్తపుపోటు పడిపోయెను. హైదరాబాదు పక్షము ఒప్పుకొనలేదు. వాదప్రతివాదములు పత్రికలలో సాగెను. తుదకు చిక్కు విడదీసినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో ఆయన పిల్లులకు క్లోరోఫారమును తేలికగా నిచ్చి, రక్తములోనికి అడ్రినలిను ఎక్కించెను. గుండె ఒక్కుమ్మడిగా తాళము తప్పి, పురుగులు మెదలినట్లు వణకి, రక్తమును తోయజాలక నిలిచెను. అడ్రినలిను మన శరీరమునందే పుట్టునది. భయమునందును, పెనగులాటయందును వెల్లువగా పుట్టును. మత్తు లోతుగా నున్నపుడు ఇట్లు జరుగుట లేదు. తేలికగా నున్నపుడును, ఇచ్చి యాపి మరల నిచ్చినపుడును జరిగెను. జాగ్రత్తపరుడై, మందు తక్కువగా నిచ్చిన వైద్యుని చేతిలోనే రోగి యేల చచ్చెనో అప్పటికి తెలిసెను. భయపడి యేడ్చుచు బల్లకడకు వచ్చిన గ్రీనర్ గుండె ఎట్లాగెనో కూడ అరువదిమూడేండ్లకు ఊహకందెను.

లారీ 1915లో మరణించెను. అప్పటికి క్లోరోఫారము కాలేయమును కూడ చెఱచి, కోత జరిగిన కొన్నిదినములకు రోగిని చంపునను సంగతి తెలిసి యిరువదియేండ్లు దాటెను. 1894లోనే లియొనార్డు గుత్రీ పిల్లలయందు దానిని గుర్తించెను. ఐనను చవుకయు, సులభమునగు నా మందు ఇరువదవ శతాబ్ది నడిమివఱకు మన ఆసుపత్రులను విడువలేదు.

లారీ పనిలో ఏ వివాదమునకును లోబడని భాగము వేఱొకటి కలదు. ఆయన 1885లో పాఠశాల బోధనను ఇంగ్లీషునకు మార్చెను. ఆ సంవత్సరమే కొందఱు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనెను. వారిలో నొకరు పారసీక యువతి రూపాబాయి ఫర్దూంజీ గారు. 1889లో, అనగా ఈ పరీక్షల సంవత్సరమే, ఆమె హకీము పట్టము నంది, హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము నిచ్చుటయందు ఆరితేరెను. మత్తువైద్యమునే వృత్తిగా చేపట్టిన స్త్రీలలో లోకమున మొదటివారు ఆమెయే యని చరిత్రకారులు తలంతురు. పరాయి పురుషుడు నాడి పట్టుటకే సమ్మతింపని ఘోషాస్త్రీలుండిన నగరములో, తెలివి దప్పిన స్త్రీ తలకడ ఒక స్త్రీ నిలిచి ఊపిరిని కనిపెట్టుచుండుట ఎంత ధైర్యమిచ్చియుండునో ఊహింపదగును. చాలినంత విద్య కాదని ఆమెకే తోచినది కాబోలు, 1909లో ఎడింబరోకు పోయి భౌతిక రసాయనశాస్త్రములు చదివి వచ్చెను. 1920లో ఉద్యోగవిరమణ చేసెను. ఆ సంవత్సరమే ఆ పాఠశాల ఉస్మానియా వైద్యకళాశాల యయ్యెను. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వఱదలో కొట్టుకొనిపోయినది.

1956లో హాలోథేను, తరువాత ఐసోఫ్లూరేను, సేవోఫ్లూరేను వచ్చెను. ఆవిరిని నూటికింత యని కొలిచి యిచ్చు యంత్రములు నిత్యకృత్యములయ్యెను. 1960ల నుండి మత్తు వాయువుల బలమునకు ఒక కొలమానము కూడ ఏర్పడినది: ఊపిరితిత్తులలో ఎంతపాలు వాయువున్నచో, బాధపెట్టినను సగము జీవులు కదలకుండునో అది. ఐసోఫ్లూరేనునకు ఆ పాలు మనుష్యునియందును, కుక్కయందును, కోతియందును నూటికి ఇంచుమించు ఒకటింబావు, తేడా స్వల్పము. కొలిచి యడిగినపుడు కోతి సాక్ష్యము మనుష్యునకెంత దగ్గఱగా నిలుచునో చూడుడు. నేడు పరిశోధనాలయములలోను, జంతుశాలలలోను కోతి ముఖమునకు మెలకువలో గుడ్డ పట్టరు. ముందు కెటమిను అను మందును సూదితో కండకెక్కించి, అది పెనగులాడకుండ మగతగొన్న పిమ్మట గొంతులో గొట్టముంచి ఐసోఫ్లూరేను నిత్తురు. మన దేశమున కూడ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చి, పరీక్షలపై పర్యవేక్షణసంఘమేర్పడినది. 1978నుండి కోతులను విదేశములకు పంపుట నిషిద్ధమైనది.

ఐనను పాతప్రశ్న క్రొత్తరూపమున మరల వచ్చినది. ఈమాఱు అది పసిపిల్లల తల్లులకు సంబంధించినది. 2010లో అమెరికాలో ఆఱుదినముల కోతిపిల్లలకు ఐదుగంటలు ఐసోఫ్లూరేను నిచ్చి చూడగా, మెదడులో చచ్చిన జీవకణములు మామూలుకంటె చాల ఎక్కువగా కనబడెను. ఇట్టి పరిశోధనలను ఆధారము చేసికొని, 2016 డిసెంబరులో అమెరికా ఔషధశాఖవారు మూడేండ్లలోపు పిల్లలకు మూడుగంటలు మించియో, పలుమాఱులో మత్తుమందు లిచ్చుటనుగూర్చి హెచ్చరిక చేసిరి. భయము వ్యాపించెను. ఇంతలో ఏడుదేశములలో 722 మంది శిశువులపై జరిగిన పరిశీలన 2019లో ప్రకటితమయ్యెను. అదియు లాన్సెట్ పత్రికయందే. గజ్జలలోని హెర్నియాకు శస్త్రచికిత్స పొందిన ఆ శిశువులలో కొందఱికి సేవోఫ్లూరేనును, కొందఱికి నడుమునకు క్రింద మాత్రము తిమ్మిరి కలుగు సూదిమందును ఇచ్చి, ఐదేండ్ల వయస్సున వారి బుద్ధిని పరీక్షింపగా తేడా కనబడలేదు.

ఈ రెంటిలో నొకటి రెండవదానిని కొట్టివేసినదని పలువురు వ్రాసిరి. కొట్టివేయలేదు. కోతిపిల్లలు వాయువును పీల్చినది ఐదుగంటలు. శిశువులు పీల్చినది సుమారు గంట. గంటసేపటి మత్తుకై భయపడు తల్లికి 2019 నాటి ఫలితము ధైర్యమిచ్చును. గుండెలోపముతోనో మఱియే పుట్టువ్యాధితోనో పలుమాఱు గంటలకొలది బల్ల యెక్కవలసిన పిల్లల విషయమై అది యేమియు చెప్పదు. ఆ ప్రశ్నకు పరిశోధన వేఱుగా సాగుచున్నది. ఆలస్యముచేసినచో ప్రాణాపాయమగు శస్త్రచికిత్సను ఈ హెచ్చరికను చూచి వాయిదా వేయరాదని ఔషధశాఖవారే 2017 ఏప్రిలులో మరల తెలియపఱచిరి.